నోటితో చెప్పే పిల్లవాడు: అభ్యసన ఇబ్బందులను గుర్తించడం ఎలా?



ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసం జరుగుతున్నదో ఆ మాష్టారు తన సర్వీసంతా చిన్న తరగతులకే అంకితం చేశారు. అందుకే అక్షరం దగ్గర ఆగిపోయే పిల్లల గురించి మాట్లాడదలచుకున్నాను.

1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 ఏళ్ల కుర్రవాడి సంగతి రాశాడు. తెలివైనవాడు, ఆటల్లో చురుకైనవాడు, లెక్కలూ బాగానే చేస్తాడు. ఏళ్ల తరబడి నేర్పినా చదవడం మాత్రం పట్టుబడలేదు. చదువంతా నోటిమాటగా సాగితే బడిలో వీడిని మించినవాడు ఉండడని ఉపాధ్యాయుడే చెప్పాడట. అలాంటి పిల్లలు మన తరగతుల్లోనూ ఉన్నారు. విన్న కథ పొల్లుపోకుండా చెబుతారు. వాచకం తెరవమంటే తల దించుకుంటారు. మనం బద్ధకమంటాం, మొద్దు అంటాం. రెండూ అన్యాయమే.

చదవడంలో వచ్చే ఈ ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. చెవికి వినబడిన మాటను ధ్వనులుగా విడదీసి, వాటిని అక్షరాలతో జతచేసే పని ఈ పిల్లల మెదడుకు కష్టమవుతుంది. తెలివికి దీనితో సంబంధం లేదు. తరచు కుటుంబంలో ఇంకొకరికీ ఉంటుంది. రాతలో వచ్చే ఇబ్బంది డిస్‌గ్రాఫియా, లెక్కల్లో వచ్చేది డిస్‌కాల్క్యులియా.

తెలుగులో డిస్లెక్సియా గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర బయటపడుతుంది. అలాంటి పిల్లవాడి డిక్టేషన్ పుస్తకం తీసి చూడండి. 'పొలం' ఒక వరుసలో 'పోలం', కింద 'పలం', ఆ కింద 'పాలం'. 'అక్క' కాస్తా 'అక'. 'పుస్తకం'లో తవొత్తు ఎగిరిపోయింది. ఒకే మాట ఒకే పేజీలో మూడు రకాలుగా వచ్చిందంటే అది నిర్లక్ష్యం కాదు. ఏ ధ్వనికి ఏ గుర్తో ప్రతిసారీ కొత్తగా వెతుక్కుంటున్నాడన్నమాట. మార్కులు ఎంత రాలేదో చెబుతాయి, ఎక్కడ ఆగాడో తప్పులే చెబుతాయి.

అయితే తొందరపడి పేరు తగిలించకూడదు. ఒకటి రెండు తరగతుల్లో ఒత్తుల దగ్గర తడబాటు అందరికీ సహజం. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. బడికి సరిగా వస్తున్నాడా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఆరా తీయాలి. గోండి, లంబాడీ ఇంటిభాషలైన పిల్లలకు బడి తెలుగే కొత్త. ఇంగ్లీషు మీడియంలో తడబడే ప్రతి బిడ్డదీ లోపం కాదు. ఇవన్నీ చూసుకుని, ఆరు నెలలపాటు ప్రత్యేకంగా నేర్పినా మార్పు లేకపోతే, అప్పుడు సైకాలజిస్టు చేత పరీక్ష చేయించాలి.

చట్టం మన వైపే ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7గా ఉన్న వైకల్యాలను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21కి పెంచి, డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను అందులో చేర్చింది. వాటిని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించే బాధ్యత విద్యాసంస్థలదేనని 16వ సెక్షన్ చెబుతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్యబృందం చూడవలసినవాటిలో ఇదీ ఒకటి.

దీనికి మాత్రలు లేవు, బోధనే చికిత్స. మాటను ధ్వనులుగా పలికించాలి, ఇసుకలో వేలితో దిద్దించాలి, ఒక గుణింతం నిలబడ్డాకే మరొకటి అందుకోవాలి. పాత పద్ధతిలోనే ఇంకో రెండు గంటల ట్యూషన్ పెట్టిస్తే బిడ్డ అలసిపోవడమే మిగులుతుంది. నలుగురిలో నిలబెట్టి చదివించడం మానాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. వచ్చే యూనిట్ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి, అవే ప్రశ్నలు నోటితో అడగండి. రెండు మార్కులూ పక్కపక్కనే వేయండి. తేడా పెద్దగా ఉంటే తల్లిదండ్రులను పిలవండి, ఫిర్యాదు చేయడానికి కాదు, బిడ్డకు ఏం తెలుసో ముందుగా చెప్పడానికి.