బొమ్మలో నాన్న ఎక్కడ కూర్చున్నాడు?

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా పాశమైలారంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా తీర్పు గుర్తుకొస్తుంది. పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన రోజు. ఏటా ఈ సభలో నేను డీఏ బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడేవాడిని. ఈసారి కార్యదర్శిగారి అనుమతితో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాల గురించి మాట్లాడతాను. ముసలాయనకు మతి తప్పిందని అనుకోకండి. చివరిదాకా వింటే ఇది కూడా మన పింఛను సంగతేనని మీకే తెలుస్తుంది.

మా మనవడికి నాలుగేళ్లు. ఒకరోజు వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకొని కొత్త పుస్తకం చూపిస్తున్నాను. అందులో ఒకామె బస్సు నడుపుతున్న బొమ్మ ఉంది. వాడు వేలు పెట్టి "ఇది తప్పు బొమ్మ తాతా. ఆడోళ్లు బండి నడపరు" అన్నాడు. "మరి మీ అమ్మ?" అని అడిగాను. మా కోడలు రోజూ వాడిని స్కూటీ ముందర నిలబెట్టుకొని ఇస్నాపూర్ దాకా తీసుకుపోతుంది. వాడు కాసేపు ఆలోచించి, "అమ్మ నడుపుతది గానీ, పుస్తకంల ఉండదు కదా" అన్నాడు.

మిత్రులారా, ఆ మాట నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. కళ్లతో రోజూ చూసేదాని కన్నా పుస్తకంలో అచ్చయిందే నిజమని వాడు నమ్ముతున్నాడు. ముప్పైనాలుగేళ్లు కాగితాలతో బతికిన నాకు కాగితం బలం తెలుసు. సర్వీసు రిజిస్టరులో ఎక్కనిది జరగనట్టే లెక్క!

వాడి దగ్గరున్న పాత పుస్తకాలన్నీ ముందేసుకొని గుమాస్తా బుద్ధితో లెక్క తీశాను. నాన్న కుర్చీలో కూర్చొని పేపరు చదువుతాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది. డాక్టరు మగవాడు, నర్సు ఆడమనిషి. బంతి అబ్బాయిది, బొమ్మ అమ్మాయిది. నాన్న లేచి నిలబడిన బొమ్మ ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 1972లో అమెరికాలో లెనోర్ వైట్జ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆమె తోటివారు కలిసి అక్కడ బహుమతులు పొందిన బొమ్మల పుస్తకాలను ఇలాగే లెక్కపెట్టారు. మగవారి బొమ్మలు 261, ఆడవారి బొమ్మలు 23. పదకొండుకు ఒకటి! మన దేశంలో 1986 జాతీయ విద్యా విధానమే స్త్రీల సమానత్వానికి చదువు సాధనం కావాలని, పాఠ్యపుస్తకాలు అందుకు తగ్గట్టు మారాలని చెప్పింది. 2024లో కేరళ ప్రభుత్వం మూడో తరగతి పుస్తకంలో, వంటింట్లో కూర్చొని కొబ్బరి కోరుతున్న తండ్రి బొమ్మను అచ్చువేసింది. కొబ్బరి కోరడం కూడా వార్త అయిందంటే అంతకుముందు మనం ఎంతకాలం కోరలేదో ఆలోచించండి.

"ఇది మన సంప్రదాయం కదా, ఎందుకు కెలకడం?" అని ఒక మిత్రుడు నన్ను అడిగారు. అయ్యా, మంచి వంటను మన పెద్దలు ఏమన్నారు? నలభీమపాకం అన్నారు. నలుడూ భీముడూ మగవాళ్లే. పెళ్లిలో వెయ్యిమందికి వండేది మగవాళ్లే. డబ్బు వచ్చే చోట గరిటె మగవాడి చేతిలో ఉంటుంది. ఇంట్లో మాత్రం అది ఆడవారి పని అయిపోతుంది. పదమూడో శతాబ్దంలో మన ఓరుగల్లును ఏలింది రుద్రమదేవి. అయినా ఆమెను రుద్రదేవ మహారాజని మగపేరుతో పిలవవలసి వచ్చింది. సింహాసనం మీద స్త్రీ బొమ్మ ఆనాటివారి కంటికి ఆనలేదన్నమాట.

మన పాశమైలారం సంగతే చూడండి. ఫ్యాక్టరీలలో పనిచేసే ఒడిశా, బీహారు కుర్రాళ్లు ఒక్కో గదిలో ఐదారుగురు ఉంటారు. షిఫ్టు దిగి వచ్చి వంతులవారీగా వండుకుంటారు, బట్టలు ఉతుక్కుంటారు. రాత్రి షిఫ్టు చేసిన తండ్రి పగలు ఇంట్లో ఉండి బిడ్డకు అన్నం తినిపిస్తాడు, తల్లి ప్యాకింగ్ పనికి పోతుంది. మన జిల్లాలోనే జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి సంగం రేడియో నడిపింది పల్లెటూరి దళిత మహిళలు. యాదాద్రి భువనగిరి జిల్లా తండా నుంచి వచ్చిన సరిత 2015లో ఢిల్లీలో ప్రభుత్వ బస్సు నడిపింది. 2025 జూన్‌లో మన తెలంగాణ ఆర్టీసీలో చేరి హైదరాబాదు–మిర్యాలగూడ బస్సు స్టీరింగు పట్టింది. ఈ సంగతి చెబితే మా మనవడు నోరు తెరిచాడు. కాబట్టి కొత్త పుస్తకాలు లోకాన్ని తలకిందులు చేయడం లేదు. ఉన్న లోకాన్ని ఉన్నట్టు చూపిస్తున్నాయి. వెనకబడింది పాత బొమ్మలే.

తెలుగులో అటువంటి పుస్తకాలు ఉన్నాయా అంటారేమో. ఉన్నాయి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ పిల్లల కోసం తెచ్చిన కథల వరుసలో మన ప్రాంతపు రచయిత్రి గోగు శ్యామల రాసిన కథ ఉంది. పొలం పనిలో, ధైర్యంలో ఎవరికీ తీసిపోని పల్లెపిల్ల కథ అది. చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ 1996 నుంచి తెలుగుతో సహా అనేక భాషల్లో బొమ్మల పుస్తకాలు తెస్తోంది. ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ అని మొదలుపెట్టింది. సెల్‌ఫోనులో ఉచితంగా చదువుకోవచ్చు. రాజీవ్ ఐప్ రాసి బొమ్మలు వేసిన ఒక పుస్తకంలో అమ్మమ్మ కప్పీ, మీటలాంటి యంత్రాలు కట్టి, మనవడితో కలిసి కొబ్బరి బర్ఫీ చేస్తుంది. ఇంజినీరు అమ్మమ్మ! మరొక పుస్తకంలో తల్లికి ఒంట్లో బాగోకపోతే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి లెక్కలు వేసుకొని బిర్యానీ వండుతారు.

ఇవన్నీ చిన్నప్పుడే ఎందుకు? 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన ప్రకారం మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుంది. 1975లో అంగన్‌వాడీ పథకం వచ్చింది కూడా ఆ వయసు పిల్లల కోసమే. ఆ వయసులోనే "ఇది ఆడపని, ఇది మగపని" అన్న గీత పడుతుంది. పడ్డాక చెరపడం కష్టం.

ఎంత కష్టమో నా సంగతి చెబుతాను. మా అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతానని అడిగింది. "ఆడపిల్లకు మిషన్లెందుకు, టైపు నేర్చుకో చాలు" అన్నాను. అదే ఇంట్లో కొడుక్కి మాత్రం అప్పు చేసి సీటు కట్టాను. అమ్మాయి ఎదురు చెప్పలేదు. ఈ మధ్య నేను మనవడికి పుస్తకం చదువుతుంటే విని, "ఇది నాకు చదివి ఉంటే బాగుండేది నాన్నా" అంది నవ్వుతూ. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు.

2019లో మా ఆవిడ పోయింది. దినాలన్నీ అయి చుట్టాలు వెళ్లిపోయాక ఒక తెల్లవారుజామున టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లాను. చక్కెర డబ్బా ఏదో తెలియలేదు. నలభై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాను! ఆ క్షణాన నాకు ఖజానా కార్యాలయంలోని నా బల్ల గుర్తొచ్చింది. భర్త పోయిన ఆడవాళ్లు కుటుంబ పింఛను కాగితాలు పట్టుకొని ఆ బల్ల ముందు నిలబడేవారు. పీపీఓ అంటే ఏమిటో, బ్యాంకు పుస్తకం ఎక్కడుందో తెలియదు. "అన్నీ ఆయనే చూసుకునేవారు సారూ" అని ఏడ్చేవారు. నేను లోలోపల విసుక్కున్న రోజులూ ఉన్నాయి. వారికి బ్యాంకు పుస్తకం ఎట్లనో, నాకు చక్కెర డబ్బా అట్లనే. ఇద్దరమూ ఒకే బొమ్మలోంచి వచ్చినవాళ్లం. ఒకరికి పేపరిచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు, ఇంకొకరికి గరిటె ఇచ్చి పొయ్యి దగ్గర నిలబెట్టారు. ముసలితనంలో ఒకరు పోతే రెండోవారు సగం మనిషే. ఇది మన పింఛను సంగతే అని మొదట్లో అన్నది అందుకే.

కనుక తాతలుగా, నానమ్మలుగా మనం చేయగలిగింది చెబుతాను. పుస్తకం కొనేముందు లెక్కపెట్టండి. ఆడవారు ఎందరు, మగవారు ఎందరు? పని చేసేది ఎవరు, చూస్తూ కూర్చునేది ఎవరు? కష్టం వస్తే ఉపాయం చెప్పేది ఎవరు? అమ్మాయిని అందానికే మెచ్చుకున్నారా, తెలివికి కూడానా? అలాగని అబ్బాయిని మొద్దుగా చూపించే పుస్తకమూ వద్దు. ఒకరిని తగ్గిస్తే ఇంకొకరు పెరిగినట్టు కాదు. పాత పుస్తకాలు పారేయనక్కర లేదు. "నాన్న ఎందుకు కూర్చున్నాడు, అమ్మకు అలసట రాదా?" అని అడగండి చాలు. జవాబు పిల్లలే చెబుతారు.

మన సంఘం గదిలో ఒక చిన్న అలమర పెడదాం. తలా ఒక పుస్తకం ఇద్దాం. వారానికి ఒక పూట అంగన్‌వాడీకి వెళ్లి చదివి వద్దాం. టీచరమ్మలకు పని భారం ఎక్కువ, మనకు తీరిక ఎక్కువ.

ఒక్క హెచ్చరిక. చదివి ముగించాక మన కంచం మనం తీసి కడగకపోతే ఎంత మంచి పుస్తకమైనా దండగే. పిల్లలు చూసే మొదటి బొమ్మల పుస్తకం మనమే. నేను డెబ్బై దాటాక టీ పెట్టడం నేర్చుకున్నాను. మొన్న మా మనవడు పలక మీద బొమ్మ గీసి చూపించాడు. పొయ్యి దగ్గర కళ్లద్దాల ముసలాయన నిలబడి ఉన్నాడు. "ఇది తప్పు బొమ్మేనా?" అని అడిగాను. "కాదు తాతా, ఇది నువ్వే" అన్నాడు.