చిన్న కాలేజీ పిల్లలకు రికమెండేషన్ లెటర్లు

 

అమెరికాలో ఎంఎస్ చేయాలనుకునే మన బీటెక్ పిల్లలు డబ్బు తర్వాత మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఈ లెటర్ల గురించే. "మాది చిన్న ఊరి కాలేజీ, మా సార్లకు పేరు లేదు, వాళ్లు రాస్తే చెల్లుతుందా?" అంటారు. చెల్లుతుంది. అక్కడి యూనివర్సిటీలు చాలావరకు మూడు లెటర్లు అడుగుతాయి. రాసినాయనకు ఈ పిల్లవాడు ఎంత దగ్గరగా తెలుసో చూస్తారు. పెద్ద కాలేజీలో ముఖం కూడా గుర్తులేని ప్రొఫెసర్ ఉండొచ్చు. మన దగ్గర ఒకే సార్ రెండు మూడు సబ్జెక్టులు చెబుతారు, ల్యాబ్‌లో పక్కనే నిలబడతారు. అది మనకున్న ఆస్తి.

దాన్ని పాడుచేస్తున్నది ఒక అలవాటు. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అని సార్ అంటారు. పిల్లవాడు ఎక్కడో దొరికిన నమూనా దించి ముగ్గురి చేతా సంతకం పెట్టిస్తాడు. మూడింట్లో అవే వాక్యాలుంటే చదివేవాళ్లు కనిపెట్టలేరా? ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు, సూరా బఖరాలోది, అప్పు పత్రం గురించి, సాక్షుల గురించే. ఈ లెటరు కూడా సాక్ష్యమే. ఎవరి సాక్ష్యం వాళ్లే రాసుకోకూడదు.

సార్‌కు తీరిక లేకపోతే వివరాలు రాసిన ఒక కాగితం ఇవ్వండి. ఏ పేపరు వారి దగ్గర చదివారు, ప్రాజెక్టు ఎక్కడ ఆగిపోయింది, ఎలా ముందుకు నడిపారు, ఇకపై ఏం చదవాలనుకుంటున్నారు. మార్కులు మెమోలో ఉంటాయి, మళ్లీ రాయించక్కర్లేదు. నాన్న మెకానిక్ షెడ్డులో పనిచేస్తూ చదివిన సంగతి సార్‌కు తెలియకపోతే చెప్పండి బాబూ, అందులో సిగ్గేముంది?

గడువులు చాలావరకు డిసెంబరులో మొదలవుతాయి కాబట్టి అక్టోబరులోనే అడగాలి. యూనివర్సిటీ నుంచి సార్ మెయిల్‌కు లింకు వస్తుంది. సొంత మెయిల్‌ను కొన్నిచోట్ల ఒప్పుకోరు, కనుక కాలేజీ పేరు మీద మెయిల్ లేకపోతే ప్రిన్సిపాల్‌ను ముందే అడగండి. "లెటరు చూసే హక్కు వదులుకుంటున్నాను" అనే గడి కూడా వస్తుంది. వదులుకోండి. పిల్లవాడు చూడని లెటరునే వాళ్లు ఎక్కువగా నమ్ముతారు.

అమ్మాయిల్లో మార్కుల్లో ముందుండి, నాలుగేళ్లలో సార్‌ను ఒక్క డౌటూ అడగనివారున్నారు. ఆయన ఏమని రాస్తారమ్మా? మేడమ్ ఉంటే మేడమ్‌నే అడగండి, లేకపోతే నాన్నను వెంటబెట్టుకుని స్టాఫ్‌రూముకు వెళ్లండి. తండ్రులారా, దానికోసం ఒకపూట దుకాణం మూయాల్సివస్తే మూయండి.

ఈ ఏడాది అప్లై చేసేవారు జుమా తర్వాత ఆ కాగితం తీసుకుని మన ఆఫీసుకు రండి. కలిసి చూద్దాం, ఇన్షా అల్లాహ్.