అడవి చూడాలంటే విమానమెక్కాలా?



సఫారీ అనే మాట మనకు కొత్తది కాదు. ఒకప్పుడు మన ఇళ్లల్లో మగవాళ్లు ఆఫీసుకైనా పెళ్లికైనా సఫారీ సూటు కుట్టించుకునేవాళ్లు. పొట్టి చేతులు, నాలుగు జేబులు, పైనా కిందా ఒకటే గుడ్డ. ఆ సూటుకు పేరిచ్చిన సఫారీ మాత్రం ఆఫ్రికాది. అక్కడి స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం. అరబ్బీ నుంచి పోయిన మాట. హిందీ వాళ్లు ప్రయాణాన్ని 'సఫర్' అంటారే, అది కూడా దీని చుట్టమే. వెనకటికి దొరలు తుపాకులు పట్టుకుని వేటకు వెళ్లడం సఫారీ. ఇప్పుడు చాలామంది చేతిలో తుపాకీ బదులు కెమెరా ఉంటోంది.

ఇందులోనే ఖరీదైన రకం ఒకటుంది. దాన్ని ఫ్లై-ఇన్ సఫారీ అంటారు. పెద్ద విమానం దిగి, పది పన్నెండుమంది పట్టే చిన్న విమానమెక్కి, నేరుగా అడవి మధ్యలో దిగడమన్నమాట. అక్కడ విమానాశ్రయం ఉండదు. చదును చేసిన మట్టి బాట ఉంటుంది, అంతే. విమానం దిగేముందు ఒక జీపు ఆ బాట మీద అటూ ఇటూ తిరిగి, మేస్తున్న జింకల్నీ చారల గుర్రాల్నీ పక్కకు తోలుతుంది. మన రోడ్ల మీద గేదెలను తోలినట్టే!

ఇంత హడావిడి ఎందుకు, బస్సులో పోతే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. బోట్స్వానా దేశంలో ఒకవాంగో అనే నది ఉంది. అది సముద్రంలో కలవదు. అంగోలా కొండల్లో పడిన వాననీళ్లు కొన్ని నెలలు ప్రయాణం చేసి కలహారీ ఇసుకనేల మీదికొచ్చి, అరచెయ్యి చాపినట్టు పాయలు పాయలుగా పరుచుకుని అక్కడే చాలావరకు ఆవిరైపోతాయి. విచిత్రమేమిటంటే, అక్కడ వానల్లేని కాలంలోనే వరద వస్తుంది! ఆ నీళ్లకోసం ఏనుగులు మందలు మందలుగా చేరతాయి. 2014లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో 1000వదిగా ఆ చోటును చేర్చారు. ఆ నీళ్లల్లో చాలా చోట్లకు రోడ్డు లేదు. విమానమే దారి.

ఇక టాంజానియాలోని సెరెంగెటి పార్కు చూడండి. విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. జిల్లాలు విడగొట్టకముందు మన పాత చిత్తూరు జిల్లా మొత్తం 15,152. అంటే కుప్పం నుంచి శ్రీకాళహస్తి దాకా ఉన్నంత నేల దాదాపుగా జంతువులకే వదిలేశారన్నమాట. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు, అంటే ముఖం ఎద్దులాగా నడక జింకలాగా ఉండే జంతువులు, పచ్చికను వెతుక్కుంటూ ఏటా సెరెంగెటి నుంచి కెన్యాలోని మసాయి మారాకు వెళ్లి మళ్లీ వస్తాయి.

మరి ఖర్చు? మంచి విడిదుల్లో ఒక్క రాత్రికి మనిషికి వెయ్యి డాలర్లు దాటుతుంది. గుడారమే అయినా అందులో పట్టుపరుపు, వేడినీళ్లు అన్నీ ఉంటాయి. రాత్రిపూట మాత్రం ఒంటరిగా అడుగు బయట పెట్టనివ్వరు. భోజనానికి పోవాలన్నా కాపలా మనిషి వెంట రావలసిందే.

విదేశాల్లో బిడ్డలున్న ఇళ్లు మన పక్క ఇప్పుడు తక్కువేం కాదు. "అమ్మా, నాన్నా, మిమ్మల్ని సఫారీకి తీసుకుపోతాం" అనే కొడుకులూ కోడళ్లూ ఉన్నారు. అటువంటి పిలుపొస్తే సంతోషంగా పోయిరండి. కానీ కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. చిన్న విమానంలో మనిషికి 15 నుంచి 20 కిలోలే ఒప్పుకుంటారు. అది కూడా మెత్తటి సంచిలో ఉండాలి. గట్టి పెట్టెలు పనికిరావు. మనం పచ్చళ్లూ పొడులూ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టుకుంటాం గదా, కెన్యాలో 2017 నుంచీ టాంజానియాలో 2019 నుంచీ ప్లాస్టిక్ సంచులు నిషేధం. గుడ్డ సంచులు కుట్టుకోండి. కెన్యా వంటి దేశాలకు పోయేవాళ్లు కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ కాగితం భద్రంగా పెట్టుకోవాలి. అది లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచగలరు. అరవై దాటినవాళ్లు టీకాకు ముందు డాక్టరుతో తప్పక మాట్లాడాలి. శాకాహారులు ముందే చెబితే వండి పెడతారు. చపాతీ దొరుకుతుందా అన్న బెంగ అక్కర్లేదు. మనవాళ్లు ఎప్పుడో వలసపోయిన తూర్పు ఆఫ్రికాలో దాన్ని చపాతీ అనే అంటారు.

ఈ మాటలు చెబుతుంటే మా వీధిలో ఒక పెద్దామె నవ్వి, "ఏమ్మా, మృగాలను చూసేదానికి అన్ని లక్షలు పొయ్యాల్నా? మాకు ఏనుగులు చేన్లోకే వస్తా ఉండాయి గదా!" అన్నది. ఆమె పుట్టిల్లు పలమనేరు పక్క. నవ్వుతూ అన్నా, ఆ మాటలో ఆలోచించవలసింది ఉంది.

సఫారీకి వెళ్లిన మనిషి మృగాన్ని జీపులోంచి చూసి, ఫొటో తీసుకుని, రాత్రికి పరుపు మీద పడుకుంటాడు. ఆ మృగం పక్కనే పుట్టి పెరిగి, దానివల్ల ఆవునో దూడనో పోగొట్టుకునేవాళ్లు వేరే ఉన్నారు. సెరెంగెటిలో పశువులు మేపుకున్న మసాయిలను 1959లో అక్కడినుంచి కదిలించి, పక్కనున్న ఎన్గోరోంగోరో వైపు పంపారు. ఇటీవల 2022లో కూడా ఆ పక్కన లోలియోండోలో నేల హద్దుల విషయమై గొడవ జరిగింది. మసాయి మారా చుట్టూ మాత్రం మరో పద్ధతి వచ్చింది. మసాయిలు తమ సొంత నేలను విడిదులవాళ్లకు కౌలుకిచ్చి, డబ్బు తీసుకుంటున్నారు. ఆడవాళ్లు పూసలు గుచ్చి అమ్ముకుంటున్నారు. నమీబియాలో 1996లో చట్టమే చేసి, అడవి మృగాల మీద వచ్చే ఆదాయంలో ఊళ్లవాళ్లకు హక్కిచ్చారు. ఇంటి పక్కనున్న సింహం వల్ల పిల్లల చదువుకు నాలుగు డబ్బులొస్తే, ఆ తల్లి సింహానికి విషం పెట్టనివ్వదు. ఇది ఏ ఊళ్లోనైనా ఒకటే.

ఆఫ్రికాలో అందరూ ఎగబడి చూసే మృగాల్లో చీతా ఒకటి. చిరుతపులి వేరు, చీతా వేరు. చీతాకు సన్నటి నడుము, కంటి నుంచి నోటి దాకా కన్నీటి చారలాంటి నల్లగీత. నేల మీద దాన్ని మించి పరుగెత్తేది లేదు. దాన్ని చూడడానికి మనవాళ్లు సముద్రాలు దాటి పోతున్నారు. ఒకప్పుడు అది మన జిల్లాలోనే తిరిగింది! 1952లో, మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో కిర్క్‌పాట్రిక్ అనే ఆయన చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిన సంగతి రాశారు. ఈ దేశంలో చీతా గురించి దొరికే చివరి ఆనవాళ్లలో అదొకటి. అదే 1952లో చీతా మన దేశంలో అంతరించిందని ప్రకటించారు.

ఎందుకు పోయింది? మొగలు చక్రవర్తులు, రాజులు దాన్ని పట్టి, మచ్చిక చేసి, కృష్ణజింకల వేటకు వాడేవాళ్లు. పంజరంలో అది పిల్లల్ని పెట్టడం చాలా అరుదు. అందుకని అడవిలో ఉన్నవాటినే మళ్లీ మళ్లీ పట్టుకొచ్చారు. తర్వాత తుపాకులొచ్చాయి. అది తిరిగే గడ్డిబీళ్లు దున్ని పొలాలయ్యాయి. జింకలు తగ్గాయి. మన అమ్మమ్మలకు తెలియకుండానే, వాళ్ల కాలంలోనే, మన చిట్టడవుల్లోంచి ఒక ప్రాణి వెళ్లిపోయింది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8 చీతాలను విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి మరో 12 వచ్చాయి. పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే ఎంత ఖర్చో, ఎంత యాతనో చూశారా! వాటిలో కొన్ని చనిపోయాయి, కొన్ని ఇక్కడే పిల్లల్ని పెట్టాయి.

మరి మనకు ఇంకా మిగిలి ఉన్నదేమిటి? కుప్పం, పలమనేరు పక్కకు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. వాటివల్ల చెరకూ వరీ పోగొట్టుకునే రైతు కష్టం చిన్నది కాదు. నష్టపరిహారం వేళకు చేతికందితేనే ఏనుగు బతుకుతుంది, రైతూ బతుకుతాడు.

ఇక మన ఏర్పేడుకు దగ్గరలో, విమానమెక్కనక్కర్లేని వేడుక ఒకటుంది. ఇక్కడ మనం ఎగిరిపోవడం లేదు, అతిథులే ఎగిరివస్తున్నారు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు సంగతి చెబుతున్నాను. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైంది. నీళ్లల్లో నిలబడి పెరిగే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి, పిల్లల్ని పొదుగుతాయి. ముక్కు కింద సంచి ఉంటుంది చూడండి, అవే. మేతకోసం పులికాట్ సరస్సుకు పోయి చేపలు తెచ్చి పిల్లల నోట్లో పెడతాయి. ఆ పులికాట్‌లోనే ఎర్రకాళ్ల ఫ్లెమింగోలు, మనవాళ్లు రాజహంసలనేవి, బారులు తీరి నిలబడతాయి. 2022లో కొత్త తిరుపతి జిల్లా ఏర్పడ్డాక ఇవన్నీ మన జిల్లాలోకే వచ్చాయి. కాళహస్తి, నాయుడుపేట మీదుగా పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

ఇదంతా ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకోవడానికి లేదు. పులికాట్‌లోకి సముద్రపు నీరు వచ్చే రాయదొరువు లాంటి ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి. నీరు రాకపోతే చేప ఉండదు. చేప లేకపోతే వలవేసేవాళ్ల ఇంట్లో పొయ్యి వెలగదు, గూడబాతు గూడు కట్టదు. అందుకని ముఖద్వారం పూడిక తియ్యమని అడగడం జాలరి ఆడవాళ్లకోసమూ పక్షులకోసమూ కూడా. చెంగల్పట్టు పక్క వేడంతాంగల్ ఊరివాళ్లు 1798లోనే కలెక్టరు దగ్గరికి పోయి తమ చెరువు పక్షులకు రక్షణ అడిగి తెచ్చుకున్నారు. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు. ఇంటి లెక్క చూసుకునే వాళ్లు చేసిన పని అది.

కార్తీకంలో మనం వనభోజనాలకు పోతాం గదా. ఈసారి వానలు తెరిపిచ్చాక నేలపట్టుకు పోయిరండి. భోజనాలు చెరువుకు దూరంగా పెట్టుకోండి. విస్తరాకులు తీసుకెళ్లండి, ప్లాస్టిక్ గ్లాసులొద్దు, మైకులొద్దు. పిల్లలకు రంగురంగుల బట్టలు కాక మట్టిరంగువి వేయండి. కాసేపు మాట్లాడకుండా కూర్చోమనండి. గూళ్లల్లో పిల్లలు తల్లి నోట్లో తల దూర్చి చేపలు తింటుంటే మన పిల్లలు ఎలాగూ నోరు మూసుకుని చూస్తారు. ఇంటికొచ్చాక మన ఊరి చెరువు సంగతేమిటని వాళ్లే అడుగుతారు. అప్పుడు జవాబు మనం చెప్పవలసి ఉంటుంది.