నాడి, రక్తపోటు: అలసిన హృదయము చెప్పు రెండు అంకెలు



ఈ మండపమున ఇంతవరకు హృదయమును గూర్చి ప్రసంగించిన పెద్దలందరును దానిని పరమాత్మ నివసించు గుహగా వర్ణించిరి. నేను వైద్యుడను. నాకు తెలిసిన హృదయము పిడికిలంత మాంసపు ముద్ద. దానిని గూర్చియే మాటలాడుదునని ధర్మకర్తలకు ముందే మనవి చేసికొంటిని. వారు దయతో అంగీకరించిరి. కార్తికమాసము సమీపించినది. ఉపవాసములు, దీక్షలు, కొండమెట్లు ఎక్కుటలు ఆరంభమగును. ఆ దినములలోనే మాత్రలు మానివేసి, ఆయాసముతో రొప్పుచు వచ్చు రోగులను ప్రతి సంవత్సరము చూచుచున్నాను. అందువలన ఈ విషయమును ఎన్నుకొంటిని.

ముందుగా ఒక వంటస్వామి సంగతి చెప్పెదను. ఒక ఆలయమున నలుబది ఏండ్లు ప్రసాదములు వండిన పెద్దలు. ఇరువది ఏండ్లుగా రక్తపోటు కలదు. పై అంకె 170కి తక్కువగా ఎన్నడును ఉండెడిది కాదు. మాత్ర ఒకనాడు వేసికొందురు, రెండునాళ్ళు మరతురు. ఒక సంవత్సరము, ఏ మాత్రయు వేసికొనకుండగనే పై అంకె 110 అయినది. "డాక్టరుగారూ, స్వామివారు నా బి.పి. తీసివేసినారండీ" అని పొంగిపోయి, ఆ దినము నాకును చక్కెరపొంగలి పంపినారు. నేను చేయి పట్టి నాడి చూచితిని. నిమిషమునకు 104. పాదములు వాచియున్నవి. మూడు తలగడలు లేనిదే రాత్రి పండుకొనలేకున్నారు. పోయినది రోగము కాదు. పోటును పుట్టించు బలమే హృదయమునకు పోయినది. దీనినే హృదయవైఫల్యమందుము. గుండె ఆగిపోవుట అని దీని అర్థము కాదు. శరీరమునకు కావలసినంత రక్తమును త్రోయలేని స్థితి అని అర్థము.

మీలో వ్యవసాయకుటుంబముల వారికి కపిలబావి జ్ఞాపకముండును. ఎడ్లు వెనుకకు నడచినపుడు బాన బావిలోనికి దిగును, ముందుకు నడచినపుడు నిండి పైకి వచ్చి కాలువలో నీరు క్రుమ్మరించును. హృదయమును అట్టిదే. ఒక్కొక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును త్రోయును. నిమిషమునకు 70 సార్లు కొట్టుకొనినచో దాదాపు 5 లీటర్లు. దినమునకు 7000 లీటర్లు. ఇప్పుడు బానకు చిల్లుపడినదనుకొనుడు. పొలము తడియవలెనన్నచో రైతు ఏమి చేయును? ఎడ్లను అదలించి మరిన్ని సార్లు తోలును. బలహీనపడిన హృదయము 50 మిల్లీలీటర్లే త్రోయునపుడు, అదే 5 లీటర్ల కొరకు 100 సార్లు కొట్టుకొనవలసివచ్చును. అడ్రినలిన్ మొదలైన ద్రవములను ఊరించి శరీరమే హృదయముపై ఆ కొరడా ఝళిపించును. కొన్నాళ్ళు పొలము తడియును. ఎడ్లు మాత్రము కృశించును.

ఇందు మరియొక సూక్ష్మము కలదు. హృదయము తనకు కావలసిన రక్తమును అధికభాగము తాను విశ్రమించు క్షణముననే పొందును. నిమిషమునకు 60 స్పందనలైనచో ఒక్కొక్కదానికి ఒక సెకను. అందులో మూడింట రెండు వంతులు విశ్రాంతియే. వేగము 120 అయినచో మిగులునది అరసెకను. ముడుచుకొను కాలము పెద్దగా తగ్గదు, తరుగుపడునది విశ్రాంతియే. ఇంటిల్లిపాదికి వడ్డించి, సందు దొరికినపుడు తాను రెండు ముద్దలు తిను గృహిణిని తలచుకొనుడు. వడ్డన తొందరయైనకొలది ఆమె విస్తరి ఖాళీగానే ఉండును.

ఇంత స్పష్టమైన విషయము వైద్యులకు చాలకాలము తెలియలేదనిన మీరు ఆశ్చర్యపడుదురు. వేగముగా కొట్టుకొనుట బలహీన హృదయమునకు ఆధారమనియు, వేగమును తగ్గించు బీటా బ్లాకర్ మాత్రలు అట్టివారికి విషతుల్యమనియు మా గ్రంథములు బోధించినవి. 1975లో స్వీడన్ దేశపు గోటెబోర్గ్ నగరమున ఫిన్ వాగ్‌స్టీన్ అను వైద్యుడును, ఆయన సహచరులును, ఏడుగురు రోగులకు ఆ మాత్రలనే ఇచ్చి, వారు కోలుకొనుచున్నారని ప్రకటించిరి. ఏడుగురిని చూచి శాస్త్రమును ఎవరు మార్చుకొందురు? పెక్కు సంవత్సరములు దానిని నమ్మినవారు కొలదిమందియే. 1999లో 2,647 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడినవి. బిసోప్రొలాల్ అను బీటా బ్లాకర్ పొందనివారిలో నూటికి 17.3 మంది మరణింపగా, పొందినవారిలో 11.8 మందియే మరణించిరి. ఈ భేదమును చూచి ఆ పరిశోధనను గడువుకు ముందే ఆపివేసిరి. ఏ ఔషధమును విషమన్నామో, అదియే ప్రాణరక్షకమైనది. మా వృత్తిలో ఇంతటి గర్వభంగము తరచుగా జరుగదు. జరిగినపుడు ఒప్పుకొనుటయే మర్యాద.

బీటా బ్లాకర్లు వేగమును తగ్గించుటయే గాక వేరు పనులును చేయును. అందుచేత మేలు వేగము తగ్గుట వలననే కలిగినదా అను సందేహము మిగిలినది. ఐవాబ్రడిన్ అను ఔషధము నాడి వేగమును తప్ప మరి దేనిని అంతగా తాకదు. 2010లో ప్రకటించిన పరిశోధనలో, నాడి 70 గాని అంతకు మించి గాని ఉన్న 6,500 మందికి పైగా రోగులను పరీక్షించిరి. హృదయరోగముచే మరణించుట గాని, వైఫల్యము ముదిరి ఆసుపత్రిలో చేరుట గాని జరిగినవారు, ఆ మందు పొందనివారిలో నూటికి 29 మంది, పొందినవారిలో 24 మంది. ఆ మందు పొందనివారిని మాత్రమే చూచినను, మొదట నాడి 87, అంతకు మించి ఉన్నవారికి కలిగిన ఆపద, 70, 71 ఉన్నవారి ఆపదకు రెండింతలకు మించినది.

అయితే ఈ లెక్క క్రమము తప్పని నాడి గలవారికే వర్తించును. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అను స్థితిలో నాడి తాళము తప్పి పలుకును. అట్టివారిలో బీటా బ్లాకర్లు మరణములను తగ్గించినట్లు, 2014లో అనేక పరిశోధనలను కలిపి చూచినపుడు కనబడలేదు. వారి దారి వేరు. ఇక నాడి 50కి దిగి, కన్నులు చీకట్లు క్రమ్మినచో, అది శుభముగాక ఆపదయే, వైద్యునికి చెప్పవలెను.

ఇప్పుడు రక్తపోటు. ఇచ్చటనే మన వంటస్వామి పొరబడినారు, పెక్కుమంది పొరబడుదురు. హృదయము చెడకముందు అధికపోటు శత్రువు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1948 నుండి జరిగిన దీర్ఘపరిశీలనను ఆధారముగా గొని 1996లో ప్రకటించిన లెక్క ప్రకారము, హృదయవైఫల్యము కలిగినవారిలో నూటికి 91 మందికి అంతకుముందే అధిక రక్తపోటు ఉన్నది. ముసలితనమున పోటునకు మందెందుకు అనువారికి 2008లో సమాధానము లభించినది. 80 ఏండ్లు దాటినవారికి పోటును తగ్గించు మందులిచ్చినపుడు హృదయవైఫల్యము 64 శాతము తగ్గినది.

కాని హృదయము చెడిన పిదప అంకె అర్థము మారును. వైఫల్యముతో అమెరికాలోని 259 ఆసుపత్రులలో చేరిన 48,612 మంది వివరములు 2006లో ప్రకటింపబడినవి. చేరునాటికి పై అంకె 120కి తక్కువ ఉన్నవారిలో నూటికి 7.2 మంది ఆసుపత్రిలోనే మరణించిరి. 161కి మించినవారిలో మరణించినది 1.7 మందియే. ఇది విని, ఆవకాయ మరింత కలుపుకొని పోటు పెంచుకొందమని ఎవ్వరును తలపకుడు! ఆ అధికపోటు వారిని కాపాడలేదు. పోటు పుట్టించు సత్తువ వారి హృదయమున ఇంకను మిగిలియున్నదని మాత్రమే అది తెలిపినది. కాలువలో నీటి ఒరవడిని చూచి ఎడ్ల బలమును ఊహించినట్లు. కాలువకు అడ్డుకట్ట వేసి నీటిమట్టము పెంచినచో ఎడ్లకు బలము రాదుగదా.

ఇందుండియే అసలు చిక్కు పుట్టుచున్నది. హృదయవైఫల్యమున ప్రాణము నిలుపు మందులలో అనేకము రక్తపోటును కొంత తగ్గించునవే. 1987లో స్కాండినేవియా దేశములలో తీవ్రవైఫల్యము గల 253 మందిపై ఎనలాప్రిల్ అను మందును పరీక్షించిరి. అది లేనివారిలో ఆరు నెలలలో నూటికి 44 మంది మరణింపగా, పొందినవారిలో 26 మంది. ఈ ఎనలాప్రిల్ మొదట రక్తపోటు మాత్రగానే పేరొందినది. రోగి పరీక్ష చేయించుకొనును, పై అంకె 104 వచ్చును, "నాకు పోటే లేదు, పోటు మాత్ర నాకేల?" అని మానివేయును. ఇంటివారును సంతోషింతురు. రెండు వారములలో పాదములు వాచును. మందు వలన అంకె తగ్గుట వేరు, బలము క్షీణించి తగ్గుట వేరు. పై అంకె నూరు దగ్గర ఉన్నను తలతిరుగుడు, సొమ్మసిల్లుట, మూత్రము తగ్గుట లేనిచో పెక్కుసార్లు వైద్యులు మందులను కొనసాగింతురు. ఉన్నచో మోతాదును సవరింతురు. ఆ నిర్ణయము వైద్యునిది. మీదియు కాదు, పొరుగువారిదియు కాదు. బీటా బ్లాకర్లను ఒక్కసారిగా ఆపుట మరింత ప్రమాదకరము. బిసోప్రొలాల్‌ను 1.25 మిల్లీగ్రాములతో మొదలిడి, చీమనడకగా 10 వరకు పెంచుదుము; అంత ఓర్పుతో కట్టినదానిని ఒక్క ఏకాదశి నాడు కూల్చుకొనరాదు.

"వ్రతభంగము కాదా?" అని అడుగుదురు. మహాభారతమున విదురుడు వ్రతమును చెరుపనివి ఎనిమిది అని లెక్కించినాడు. జలము, ఫలము, పాలతోపాటు ఔషధమును అందులో కలదు. ఇంతకంటె పెద్ద అనుమతిపత్రమును నేను వ్రాయజాలను. ఉపవాసము చేయుటయే తగునా అన్నది మాత్రము ముందుగా మీ వైద్యుని అడుగుడు. నీరు పోవుటకు మాత్రలు వాడువారు నిర్జలముగా ఉండుట అపాయకరము. మెట్లెక్కి మోకాళ్ళు నొచ్చినవని అంగడిలో నొప్పిమాత్రలు కొని మ్రింగకుడు. వానిలో పెక్కు శరీరమున ఉప్పును, నీటిని నిలిపి, పోటును పెంచును.

శార్ఙ్గధరసంహిత బొటనవ్రేలి మూలమున కదలు ధమనిని జీవమునకు సాక్షిగా చెప్పినది. ఆ సాక్షిని ప్రతి ఉదయము విచారించుడు. ఐదు నిమిషములు ఊరక కూర్చుండి, పూర్తిగా ఒక నిమిషము లెక్కింపుడు. యంత్రమున్నచో పోటును చూచుకొనుడు. బరువును చూచుకొనుడు, మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కొవ్వు కాదు, నీరు. వెంటనే వైద్యునికి తెలుపుడు.

మన వంటస్వామి ఇప్పుడు పెద్ద గుండిగలు దించుట లేదు. పీటమీద కూర్చుండి చిన్నవారికి పాళ్ళు చెప్పుచున్నారు. మొన్న వచ్చినపుడు తమ పంచాంగము తెచ్చినారు. ప్రతి తిథి ప్రక్కను పెన్సిలుతో చిన్న అంకెలు. "నాడి 64, పోటు 106, బరువు 58. ఈ వేళ కూడ తలతిరుగుడు లేదండీ" అని చదివి వినిపించి, ఈసారి పొంగలి బదులు రెండు అరటిపండ్లు నా బల్లపై పెట్టినారు.