చిన్న ఆవిరియింజను జీర్ణోద్ధారణము



దర్శి తాలూకా పల్లెలవారికి రైలనగా చిరకాలము దొనకొండయు, కురిచేడును. గుంటూరునుండి గుంతకల్లునకు నల్లమల మీదుగా పోవు మీటరుగేజి మార్గమున ఆవిరిబండ్లు నడచిన కాలమది. ఆ మార్గము 1990ల దశకమున బ్రాడ్‌గేజిగా మారినది. నడికుడి–శ్రీకాళహస్తి నూతన మార్గము దర్శి మీదుగానే వేయబడుచున్నది గాని, దానిపై ఆవిరియింజను వచ్చునని యెవ్వరును ఆశింపరు. నిప్పు వేసి, నీరు కాచి, ఆవిరి పట్టి చక్రము త్రిప్పెడి విద్యను చేతులార నేర్వగోరువారికి నేడు మిగిలిన సులభసాధనము మాదిరి యింజను. పాతబడి, భాగములు పోయి, అటకమీదనో భోషాణములోనో పడియున్న అట్టి యింజనును మరల నడపుట యెట్లన్నదే నేటి ప్రసంగవిషయము.

మాదిరి యింజనన్న బొమ్మ యని తలపరాదు. పెద్దదానియందున్న బాయిలరు, సిలిండరు, పిస్టను, వాల్వు అన్నియు దీనియందు నుండును. ఇంగ్లండులో 1898లో వెలసిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక యీ విద్యను సామాన్యుల యింటికి చేర్చినది. పట్టాల యెడమును బట్టి వీనికి మూడున్నర అంగుళములు, అయిదంగుళములు అను కొలతలు కలవు. దొనకొండ మార్గపు పట్టాల యెడము 1000 మిల్లీమీటర్లు, అయిదంగుళములనగా 127. కావున ఆ మార్గపు యింజనును అయిదంగుళముల పట్టాకు దించినచో పొడవు ఇంచుమించు ఎనిమిదవ వంతు, రేకు వైశాల్యము అరువదినాలుగవ వంతు, బరువు అయిదువందల పండ్రెండవ వంతు అగును. లెక్క యింతవరకు చక్కగా నడచును. కాని నీటికి యీ లెక్క తెలియదు. బాయిలరులోని నీటిమట్టము చూపు గాజుగొట్టము మిక్కిలి సన్ననిదైనచో, నీరు గోడను పట్టుకొని పైకి ప్రాకి, లేని మట్టమును ఉన్నట్లు చూపును. అబద్ధపు మట్టమును నమ్మి నిప్పెగదోయుట యెంత ప్రమాదమో ముందు తెలియగలదు.

పాత యింజను చేతికి వచ్చినప్పుడు పలువురు చేయు మొదటి తప్పు దానిని విప్పివేయుట. విప్పుటకు ముందు పట్టిక వ్రాయవలెను. ఏ మర యెచ్చట నున్నది, ఏది యున్నది, ఏది పోయినది, ఉన్నదానిలో ఏది మొదటిది, ఏది నడుమ నెవరో తగిలించినది అని గళ్లు గీసి వ్రాయవలెను. పొలము కొలువక పట్టా వ్రాసినవానికిని, పట్టిక లేక యింజను విప్పినవానికిని భేదము లేదు.

పోయిన భాగముల సంగతి పాత తాటాకు గ్రంథమువంటిది. ఆకు పోయిన తావున పరిష్కర్తలు ‘గ్రంథపాతము’ అని వ్రాసి విడుతురు. గ్రంథము ఖాళీతోడనే యుండవచ్చును. యింజను ఖాళీతో నడువదు. పూరింపక తప్పదు. ఎట్లు పూరింపవలెనన్నదానికి దర్శికి తూర్పున నున్న అద్దంకియే సాక్షి. నన్నయభట్టారకుడు పదునొకండవ శతాబ్దమున అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసము నడుమ విడిచిన భాగమును, మూడు శతాబ్దములకు పిమ్మట, అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి యెఱ్ఱన పూరించెను. తన ప్రభువునకు గాక, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే దానిని అంకితమిచ్చెను. నన్నయ ఫణితితో నారంభించెను. చదువువానికి త్రోవలో గతుకు తగులదు. అయినను అతుకు ఎచ్చటనో పండితులందరికిని తెలియును. క్రొత్త భాగము చేయువాడు ఈ రెండు గుణములను పట్టుకొనవలెను. భాగము పాతదానితో ఒదిగి పనిచేయవలెను. క్రొత్తదని తెలియు గురుతు కనబడనితట్టున ఉండవలెను. చేసిన సంవత్సరమును లోపలితట్టున పొగరుతో చెక్కినచో చాలును.

ఒదుగుట యన్నది మాటలలో సులభము. ఆంగ్లదేశపు పాత మాదిరులలో చిన్న మరలు తరచుగా బి.ఏ. కొలతవి. వానిలో సున్న నెంబరు మర వ్యాసము 6 మిల్లీమీటర్లు, చుట్టునకు చుట్టునకు నడిమి యెడము 1 మిల్లీమీటరు. నేటి బజారులోని ఎం6 మరకును సరిగా నవియే కొలతలు. అందుచేత ఒకదాని నట్టు రెండవదాని బోల్టుపై ఎక్కినట్లే యుండును. కాని బి.ఏ. చుట్టు కోణము నలుబదియేడున్నర డిగ్రీలు, మెట్రిక్ చుట్టు కోణము అరువది. రెండును పూర్తిగా తాకవు. ఆవిరి వత్తిడికి నిలువవు. పేరు వేరై రూపమొకటియైన కోర్టు కాగితములవలె నివి మోసము చేయును.

పోతపోయవలసిన భాగములకు కంచరి సాయము కావలెను. పాత భాగమునే అచ్చుగా నొత్తి పోసినచో, లోహము చల్లారునప్పుడు ముడుచుకొనును. కంచుజాతి లోహములకు నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు తగ్గుదల. నూరు మిల్లీమీటర్ల భాగము తొంబదియెనిమిదిన్నరగా వచ్చును. కావున అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేసి, పోత పిమ్మట లేతుమీద తరిగింపవలెను. కొలత తీయునప్పుడు అరిగిన చోట కొలువక, అరుగని అంచున కొలువవలెను. అరిగినచోట కొలిచి చేసిన క్రొత్త భాగము పుట్టుకతోనే ముసలిది.

ఇంతవరకు పాతదానిమీద మమకారము మేలే. బాయిలరు దగ్గర అది పనికిరాదు. చెంబెడు నీరు మరిగి ఆవిరియైనచో, వాయుమండలపు వత్తిడియందు ఇంచుమించు 1600 చెంబుల చోటు కోరును. ఆ కోరికను అణచి పట్టుకొన్నది పలుచని రాగిరేకు. పాత మాదిరులలో కొన్నింటికి ఇత్తడి బాయిలరు నుండును. ఏండ్లు గడచినకొలది ఇత్తడిలోని జింకు నీటిపాలై, పైకి నిగనిగలాడుచున్నను లోపల బెజ్జముల రాగి మిగులును. కొన్నింటి అతుకులు తగరము, సీసము కలిపిన మెత్తని మాటుతో వేసినవి. ఆ మాటు 183 డిగ్రీల సెంటీగ్రేడున కరగును. అంగుళమునకు 80 పౌనుల వత్తిడిలో ఆవిరి వేడిమియే 162 డిగ్రీలు. నడుమ నున్నది ఇరువదియొక్క డిగ్రీల దయ. నీరు తగ్గి, నిప్పు తాకు రేకు బయటపడెనా, ఆ దయయు ఉండదు. చుట్టును చేరునది పసిపిల్లలు.

కావున అనుమానమున్న బాయిలరును అలంకారముగా దాచి, క్రొత్తదానిని రాగితో కట్టింపవలెను. అతుకులు వెండి టంకముతో, వెలిగారము చల్లి వేయవలెను. కంసాలి కుంపటికి తెలిసిన విద్యయే యిది. కాని రాగి వేడిని లాగికొనును గనుక మంట మిక్కిలి పెద్దది కావలెను. వెండి టంకము 600 డిగ్రీలు దాటినగాని కరగదు.

క్రొత్త బాయిలరును గాలి లేకుండ నీటితో నింపి, చేతిపంపుతో పని వత్తిడికి రెండింతలకు, అనగా 80కి 160 పౌనులకు, ఎక్కించి నిలిపి చూడవలెను. ఆ పిమ్మటి పరీక్షలకు ఒకటిన్నర రెట్లు, అనగా 120 చాలును. నీరు కుదింపునకు లొంగదు; రేకు చీలినను బొటబొట కారును గాని పేలదు. నీటికి మారుగా గాలితో పరీక్షించువాడు పేలుడును కొనితెచ్చుకొనును. సేఫ్టీ వాల్వు మరియొకచోట కొన్నదైనచో, నిండు మంటమీద వత్తిడి పెరుగనీయక విడుచునో లేదో చూచినగాని నమ్మరాదు. బాయిలరుపై చుట్టిన పాత తెల్లని నార రాతినార కావచ్చును. దానిని దులుపరాదు, గోకరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులను తినును. తడిపి, నిపుణులచే తీయింపవలెను.

పెద్ద యింజనుల విషయమునను ఇదియే కథ. ఇంగ్లండులోని లీడ్స్ నగరమున 1855లో తయారైన ‘ఫెయిరీ క్వీన్’ 1909లో పనినుండి విరమించి, పెరంబూరు కర్మాగారమున బాగుపడి 1997లో మరల ప్రయాణికులను మోసెను. పిమ్మట దాని భాగములు అపహరింపబడగా మరల పెరంబూరునకే చేరి, 2017లో పట్టాలెక్కెను. కాలము తినగా మిగిలినదానిని దొంగ తినుట యిందు విశేషము. నీలగిరి కొండబండికి స్విట్జర్లండునుండి యింజనులు వచ్చెను. ఆ మాదిరినే యనుసరించి గోల్డెన్ రాక్ కర్మాగారమువారు బొగ్గుతో నడచు క్రొత్త యింజనును 2021లో తయారుచేసిరి. మాదిరి నిలిచెను, లోహము మారెను.

చిన్న యింజనుకు మొదటిసారి ఆవిరి పట్టునాడు తొందర కూడదు. చల్లని సిలిండరులో ఆవిరి నీరగును. నీరు పిస్టనునకు అడ్డుపడి మూతను పగులగొట్టును. కావున నీరు విడుచు బిరడాలు తెరచియుంచి, చక్రములను చేతితో ముందునకు వెనుకకు త్రిప్పి, చిమ్మెడి నీరు పొగవలె మారువరకు వేచి, అటుపిమ్మట బిరడాలు మూయవలెను. ఆనాటి వత్తిడి, పరీక్ష తేది, మార్చిన భాగముల వరుస మొదటి పట్టికలోనే చేర్చి రెండు ప్రతులు తీయవలెను. ఒకటి యింజను పెట్టెలో నుండవలెను. రెండవది గ్రంథాలయపు బీరువాలో.