ఆకాశమార్గమున గణవిభజన

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో పుస్తక ప్రశంస చేయుట పరిపాటి. చదువుట కంటి పని. నేటి ప్రసంగ విషయము మాత్రము చెవి పనికి సంబంధించినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ‘హామ్ రేడియో’ అను మాట విన్నవారు కొందరే యుందురు. అందు మోర్సు సంకేతముతో దేశదేశములవారు పాల్గొనెడి పందెము లున్నవని యెరిగినవారు మరియు తక్కువ. ఆ పందెము లెట్టివి, వానియందు నిలుచుటకు కావలసిన దేమి, పల్లెలోని పిల్లవానికి వానివలన ప్రయోజన మేమి అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము.

రేడియో ద్వారా సందేశములు పంపుట సైన్యమునకును, ఓడలకును, ప్రభుత్వమునకును మాత్రమే చెందిన పని కాదు. పరీక్షలో ఉత్తీర్ణులై ప్రభుత్వమువారి లైసెన్సు పొందిన సామాన్యులు సయితము ధనాపేక్ష లేక, విజ్ఞానము కొరకును స్నేహము కొరకును తమ యింటినుండియే ప్రసారము చేయవచ్చును. వీరినే ఔత్సాహిక రేడియోవారనియు, హాము లనియు అందురు. భారతదేశమున 1921లో అమరేంద్ర చంద్ర గుప్తు గారు ఇట్టి తొలి లైసెన్సు పొందిరి. హైదరాబాదు నగరమున 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలసినది. ప్రతి హామునకును ఒక సంకేతనామ ముండును. భారతీయుల నామములు సాధారణముగా ‘వి.యు.’ అను అక్షరములతో మొదలగును. ప్రధానమంత్రి పదవి నలంకరించిన రాజీవ్ గాంధీ గారి నామము ‘వి.యు.2 ఆర్.జి.’ యని ప్రసిద్ధము. లైసెన్సు లేక ప్రసారము చేయుట నేరమనియు, ఈ రేడియోపై వ్యాపారపు మాటలు నిషిద్ధమనియు మొదటనే తెలియవలెను.

ఇక మోర్సు సంకేతము. 1844 మే 24వ తేదీన అమెరికాలో వాషింగ్టను నగరమునుండి బాల్టిమోరు నగరమునకు తంతిమీద పోయిన సందేశముతో ఇది లోకప్రసిద్ధ మయ్యెను. ఇందు ధ్వనులు రెండే. ఒకటి పొట్టిది, రెండవది పొడుగుది. ఆంగ్లములో వానిని చుక్క, గీత అని వ్యవహరింతురు. తెలుగు పద్యము చదివిన వారికి ఇది వింత గాదు. ఛందస్సులో లఘువు, గురువు అను రెండింటితోనే సకల వృత్తములును నడచుచున్నవి గదా! భేద మొక్కటే. ఛందస్సున గురువునకు రెండు మాత్రలు; మోర్సులో గీతకు చుక్కకు మూడింతల కాలము.

పింగళుడు తన ఛందశ్శాస్త్రమున లఘుగురువుల ప్రస్తారము చెప్పెను. ఒక్క స్థానమున రెండు భేదములు, రెండు స్థానముల నాలుగు, మూడు స్థానముల ఎనిమిది, నాలుగు స్థానముల పదునారు. మొత్తము 30. ఆంగ్ల వర్ణమాలకు కావలసినవి 26. అనగా నాలుగు స్థానములలోపల అక్షరములన్నియు ఇమిడిపోయి, నాలుగు భేదములు మిగిలినవి. అంతకంటె విశేష మేమనగా, మూడు స్థానముల భేదము లెనిమిదియు మనము బాల్యమున వల్లించిన యెనిమిది గణములే. మగణము ‘ఓ’ అను అక్షరము, నగణము ‘ఎస్’, భగణము ‘డి’, జగణము ‘ఆర్’, సగణము ‘యు’, యగణము ‘డబ్ల్యు’, రగణము ‘కె’, తగణము ‘జి’. ఆపదలో నున్న ఓడ పంపెడి ‘ఎస్.ఓ.ఎస్.’ అను పిలుపు న-మ-న గణములను నడుమ విరామము లేక పలుకుటయే. ఉత్పలమాల మొదట వచ్చు భ-ర-న గణములు మోర్సులో ‘డి, కె, ఎస్’ అగును. ‘నీవు పలుకుము’ అని యెదుటివాని కవకాశ మిచ్చుటకు రగణము. ‘నీ మాట అందినది’ అని తెలుపుటకు జగణము.

ఈ సామ్యము జ్ఞాపకమునకు ఉపకరించును గాని, దీనితోనే విద్య సిద్ధింపదు. పద్యమును చదువునప్పుడు లఘుగురువులను వ్రేళ్లపై లెక్కించువాడు దాని నడక నెరుగడు. అట్లే చుక్కలను, గీతలను లెక్కించువాడు మోర్సు పరీక్షలో తడబడును. అక్షరమును ఒక్క శబ్దముగా వినుట అభ్యసింపవలెను. వేగమును మాటలలో కొలుతురు. ‘ప్యారిస్’ అను పట్టణ నామమును కొలమానముగా గైకొని, దాని తరువాతి విరామముతో కలిపి 50 చుక్కల కాలమని లెక్కింతురు. మన దేశమున 2009 నాటి సవరణ నియమములు జనరల్ గ్రేడు పరీక్షకు నిమిషమునకు 8 మాటల వేగమును నిర్ణయించినవి. అప్పుడు ఒక చుక్క 150 మిల్లీసెకనులు. పందెములలో ఆరితేరినవారు 30 మాటల వేగమున పంపుదురు. అప్పుడు చుక్క 40 మిల్లీసెకనులు మాత్రమే. అంత వేగమున లెక్కించుటకు తావెక్కడ? సిరిసిల్ల మరమగ్గముల మ్రోతలో క్రొత్తవానికి ఏమియు వినబడదు. అనుభవజ్ఞుడగు నేతగాని చెవికి తన మగ్గపు నడకలోని చిన్న తేడాయు తెలియును. ఒకేసారి ఇరువదిమంది పిలుచుచుండగా అందొక్కని స్వరమును పట్టుకొనెడి మోర్సు పందెగాని విద్యయు అట్టిదే.

పందెముల సంగతి. వీనిలో మిక్కిలి పేరుగన్నది 1948లో ఆరంభమైన ‘సి.క్యు. వరల్డు వైడు’ పోటీ. ‘సి.క్యు.’ అనగా ‘ఎవరైనను పలుకుడు’ అను పిలుపు. మోర్సు భాగము నవంబరు మాసపు చివరి పూర్తి శని, ఆదివారములలో జరుగును. మన గడియారము ప్రకారము శనివారము ఉదయము 5:30కు మొదలై, 48 గంటలు సాగి, సోమవారము ఉదయము 5:30కు ముగియును. 160, 80, 40, 20, 15, 10 మీటర్ల తరంగములపై పిలుచుకొందురు. పగటివేళ పొట్టి తరంగములును, రాత్రివేళ పొడుగు తరంగములును దూరము పోవును. ఉభయసంధ్యలలో బలహీనమగు ధ్వనియు ఒక్కొక్కప్పుడు భూగోళపు ఆవలి వైపునకు చేరును. సూర్యబింబముపై మచ్చలు పెరిగి తరిగెడి సుమారు పదునొకండేండ్ల చక్రమును బట్టి ఈ మార్గములు తెరచుకొనుట, మూసికొనుట జరుగును. కావున పందెగానికి పంచాంగమువలె సూర్యుని పరిస్థితియు తెలియవలెను.

పలుకరింపు మిక్కిలి క్లుప్తము. సంకేతనామము, ధ్వని యోగ్యత తెలుపు 599 అను అంకె, తన మండల సంఖ్య, అంతియే. చెవికి అందీ అందక యున్నవానికి గూడ 599 అని పంపుట ఆచారమైపోయినది. ‘మీరు దివ్యముగా వినబడుచున్నారు, మరల చెప్పుడు’ అనునట్టి మర్యాద యిది!

గుణముల లెక్క గ్రామ లెక్కలవలె స్పష్టము. అన్య ఖండమువానితో పలికిన 3 గుణములు. మన ఖండములోనే అన్య దేశమువానితో పలికిన 1. స్వదేశీయునితో పలికిన సున్న. ఈ మొత్తమును, ప్రతి తరంగముపై దొరకిన దేశముల సంఖ్యయు మండలముల సంఖ్యయు కలిపి, దానితో గుణింపవలెను. ఉదాహరణమునకు ఒకడు ఒకే తరంగముపై ఇతర ఖండములవారు 60 మందితో, ఆసియాలోని అన్యదేశీయులు 40 మందితో, స్వదేశీయు డొక్కనితో పలికెననుకొందము. గుణములు 180, 40, 0, వెరసి 220. దేశములు 30, మండలములు 10, వెరసి 40. ఫలితము 8,800. ఇందు స్వదేశీయుడు తెచ్చినది సున్నయే. కాని అతడు లేనిచో భారతదేశమును, వేరొక చోట దొరకనియెడల మన మండలమును లెక్కనుండి తొలగిపోవును. అప్పుడు 220ని 38చే గుణింప 8,360 మాత్రమే. పొరుగువాని పలుకరింపునకు వెల లేదు. అయినను అది లేకున్న 440 తక్కువ. ఈ నియమము చేసినవా డెవడో గాని లోకజ్ఞుడు.

పందెము ముగిసిన పిమ్మట ప్రతివాడు తన చిట్టాను పంపవలెను. అప్పుడు జరుగునది నిజమైన జమాబంది. ఒకని చిట్టాలోని ప్రతి పద్దును ఎదుటివాని చిట్టాతో పోల్చి చూతురు. ఒక్క అక్షరము తప్పు వ్రాసినను ఆ పద్దు కొట్టివేయబడును. పైగా దండుగయు పడును. వినని దానిని విన్నట్లు ఊహించి వ్రాయుట లాభము గాదు. ‘మరల పంపుడు’ అని యడుగుట అవమానము గాదు. ఇంత శ్రమకు ధనరూపమగు బహుమాన మున్నదా? లేదు. ప్రశంసాపత్రమో, ఫలకమో లభించును. అంతియే.

ఈ పందెమున ఈ ప్రాంతమున కొక విలువ కలదు. హాములు భూగోళమును 40 మండలములుగా విభజించిరి. భారతదేశము 22వ మండలము. గల్ఫు దేశములు 21వ మండలము. ఇదిగాక రేఖాంశ అక్షాంశములను బట్టి గళ్లు గీచి ప్రతి గడికి నొక పేరిడిరి. 78, 80 తూర్పు రేఖాంశములకును 18, 19 ఉత్తర అక్షాంశములకును నడుమనున్న గడి పేరు ‘ఎం.కె.98’. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడును ఈ యొక్క గడిలోనివే. హైదరాబాదు దీని దక్షిణపు గడి, ‘ఎం.కె.97’. ఐరోపా, అమెరికా ఖండములలో హాములు వేలకొలదిగ నున్నందున వారి స్వరము లందరికిని సులభము. 22వ మండలపు స్వరము అరుదు. కావున చిన్న యంత్రముతో నెమ్మదిగా పలికెడి భారతీయుని కొరకు దూరదేశపు ఘనులు సయితము వేగము తగ్గించుకొని ఆగుదురు. పుట్టిన చోటు కొరత యనుకొనువాని కిక్కడ అదియే బలము.

యంత్ర సామగ్రి ధనవంతులకే సాధ్యమను భయ మక్కర లేదు. హైదరాబాదునకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు, వి.యు.2 ఇ.ఎస్.ఇ. అను నామముగలవారు, సామాన్యులు స్వయముగ కూర్చుకొనుటకు వీలగు ‘బిటెక్స్’ అను యంత్రమును రూపొందించిరి. తీగ చుట్టుటకు ఖరీదైన వలయములు దొరకని చోట కుళాయిలో వేసెడి వాషరును వాడవచ్చునని చూపిరి. 2017 చివర వచ్చిన ‘మైక్రో బిటెక్స్’ మోర్సునకును పనికివచ్చును. 12 వోల్టుల బ్యాటరీతో నడచును. 20 మీటర్ల తరంగమునకు సుమారు 10 మీటర్ల తీగను నడుమ ఖండించి, రెండు చెట్లకు కట్టిన చాలును.

‘చేతిలో ఫోనుండగా ఈ చుక్కల గొడవ యెందుకు?’ అను ప్రశ్న న్యాయమైనదే. 2003లో జెనీవా నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము హాములకు మోర్సు పరీక్ష తప్పనిసరి యను నిబంధనను తొలగించినది. మన దేశమున 2013 జూలైలో టెలిగ్రాముల సేవయు ముగిసినది. నేడు మోర్సు నేర్చుకొనుమని లోకము బలవంతపెట్టుట లేదు. అయినను పందెములలో దాని సందడి తగ్గలేదు. క్షీణించిన ధ్వనియు, మాటరూపమున నున్నచో అర్థము కానిది, మోర్సు రూపమున అర్థమగును. స్వల్ప శక్తితో దూరము పోవుట దీని గుణము.

మరియొక సమాధానము 2004లో దొరకినది. ఆ సంవత్సరము డిసెంబరులో భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున, హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరపున, ఒక బృందము పోర్టుబ్లెయిరు చేరి, అరుదైన అండమాను దీవులనుండి ప్రపంచమందలి హాములతో పలుకుచుండెను. అదియు ఒక విధముగ వినోదమే. 26వ తేదీ ఉదయము భూమి కంపించి సముద్రము విరుచుకొనిపడెను. సాధారణ వార్తా మార్గములు తెగెను. వినోదమునకై తెచ్చిన యంత్రములే ఆనాడు క్షేమ సమాచారములకును సహాయ కార్యములకును సాధనము లయ్యెను. అలసినను వినుట, విన్నదానిని తప్పులేక వ్రాయుట, ఒకని తరువాత నొకని పిలుచుట: పందెమున అలవడిన ఈ గుణములే ఆపదలో అక్కరకు వచ్చును. ఆపద వచ్చిన దినమున వానిని నేర్చుకొనుట సాధ్యము గాదు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో వినుట యన నేమో తల్లులకు వేరుగ చెప్ప నక్కర లేదు. గల్ఫునుండి కుమారుడు ఫోనులో ‘బాగున్నానమ్మా’ అనును. ఆ మాట వెనుకనున్న దగ్గును, నిద్రలేమిని, చెప్పక దాచిన దిగులును తల్లి చెవి పట్టుకొనును. ఆమె యే పరీక్షయు వ్రాయలేదు, ప్రేమచేత వినుచున్నది. అపరిచితుని ధ్వనిని అంత శ్రద్ధతో వినుట నేర్పునదే ఈ విద్య. నేడు మాటలు పెరిగినవి, వినువారు తగ్గినారు. ఈ లోపము తీరకున్న ఎన్ని యంత్రము లున్నను ఒకరి మాట ఒకరికి చేరదు.

కావున గ్రంథాలయమువారికి ఒక మనవి. ఛందస్సు పుస్తకముల ప్రక్కన రేడియో విజ్ఞాన పుస్తకము లొకటి రెండు చేర్చుడు. సాయంకాలము అరగంట బాలబాలికలను కూర్చుండబెట్టి, ప్రసారము లేని చిన్న ధ్వని యంత్రముతో మోర్సు వినిపింపుడు. దానికి ఏ లైసెన్సు నక్కర లేదు. వారిలో ఒక్కరు పరీక్ష నిచ్చి లైసెన్సు పొందినను, ఏదో యొక నవంబరు శనివారము తెల్లవారుజామున, ఈ ‘ఎం.కె.98’ గడినుండి ఒక స్వరము లేచును. దూరమున నెవడో దానిని విని, జగణ మొకటి పంపును: ‘అందినది’ అని.