తెలియని రాక్, మెటల్ బ్యాండ్లు నాకెలా దొరికాయి?

పోయిన ఎపిసోడ్‌లో మంగోలియా బ్యాండ్ 'ద హు' గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత మీలో చాలామంది ఒకటే అడిగారు. "ఈ బ్యాండ్లు మీకెక్కడ దొరుకుతాయండీ? రేడియోలో రావు, సినిమాల్లో రావు, మా ఫోన్లో ఎప్పుడూ కనబడవు" అని. నిజమే. సో, ఇవాళ పాటల గురించి కాస్త తక్కువ, అవి నా దాకా వచ్చిన దారి గురించి ఎక్కువ మాట్లాడతాను. ఇందులో నేను సిగ్గుపడాల్సిన సంగతి కూడా ఒకటుంది. అదీ చెప్పేస్తాను.

నేను మెటల్ వింటూ పెరిగినవాణ్ణి కాదు. మా ఇంట్లో ఘంటసాల, ఇళయరాజా, అంతే. ఇంజినీరింగ్ హాస్టల్లో ఎవరిదో హార్డ్ డిస్క్‌లో మెటాలికా, ఐరన్ మెయిడెన్ ఉంటే కాపీ చేసుకున్నా. తర్వాత పదేళ్లు అవే విన్నా. అంతకు మించి వెతకాలన్న ఆలోచనే రాలేదు.

2018లో అనుకుంటా, రాత్రి అన్నం తింటూ ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఏదో చూస్తున్నా. దానంతటదే ఒక రియాక్షన్ వీడియో మొదలైంది. పాట నేర్పే టీచరమ్మ ఒకావిడ, మొదటిసారి వింటున్న పాట మీద తన అభిప్రాయం చెప్తోంది. యుక్రెయిన్ బ్యాండ్ జింజర్, పాట పేరు పైసీస్. స్టూడియోలో తీసిన లైవ్ వీడియో. టటియానా ష్మాయ్‌లుక్ అనే గాయని నింపాదిగా, దాదాపు జోలపాటలా పాడుతోంది. కాసేపటికి అదే నోట్లోంచి పులి గాండ్రింపు! ఆ టీచరమ్మ కుర్చీలో వెనక్కి పడబోయింది. నేను ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయా. పక్క గదిలోంచి మా నాన్న, "ఏంట్రా ఆ అరుపులు, ఎవరికేమైంది?" అన్నారు.

అలా ఒక ఆర్నెల్లు రియాక్షన్ ఛానెళ్ల మీదే బతికాను. వాటి వల్ల మేలు లేదనను, జింజర్ నాకు అక్కడే దొరికింది. కానీ ఒక చిక్కుందండీ. మనం పాట వినం, పాట వింటున్న మనిషి మొహం చూస్తాం. కాపీరైట్ గొడవ రాకుండా వాళ్లు ఇరవై సెకన్లకోసారి ఆపుతారు. పైగా అందరూ అవే పాటలకి ఆశ్చర్యపోతుంటారు. వందో మనిషి కూడా పైసీస్ విని కుర్చీలోంచి పడబోతుంటే నాకు అనుమానం వచ్చింది, నిజంగా మొదటిసారేనా అని.

అక్కడి నుంచి లైవ్ సెషన్ ఛానెళ్లకి వెళ్లాను. వీటిలో పెద్దది కేఈఎక్స్‌పీ. అమెరికాలో సియాటెల్ నగరపు రేడియో, 90.3 ఎఫ్ఎం. శ్రోతలిచ్చే విరాళాలతో నడుస్తుంది. బ్యాండ్‌ని పిలిచి, వాయించమని, శుభ్రంగా రికార్డ్ చేసి వీడియో పెడతారు. మధ్యలో ఎవరూ ఆపరు. స్లిఫ్ట్ అనే బ్యాండ్‌ని నేను అక్కడే చూశా. ఫ్రాన్స్‌లో టూలూజ్ వాళ్లు, ముగ్గురే. 2019 డిసెంబర్‌లో రెన్ నగరంలో ట్రాన్స్ మ్యూజికాల్ ఫెస్టివల్ దగ్గర తీసిన సెషన్ అది. ముగ్గురు మనుషులు అంత శబ్దం ఎలా పుట్టిస్తున్నారో చూద్దామని ఒక్కొక్కరి చేతులనే చూస్తూ మూడుసార్లు చూశా. గిటార్ అతని కాళ్ల ముందు పెడళ్లు పరిచి ఉంటాయి, కిరాణా కొట్టు ముందు డబ్బాల్లాగా. ఆ తర్వాత వాళ్ల ఉమ్మోన్ ఆల్బమ్ 2020లో వచ్చిందని తెలిసి మొత్తం కూర్చుని విన్నా.

నన్ను నిజంగా మార్చినవి మాత్రం ఇవి కాదు. చూడ్డానికి ఏమీ ఉండని ఛానెళ్లు. 666మిస్టర్‌డూమ్, స్టోన్డ్ మెడో ఆఫ్ డూమ్, ఇలాంటివి. తెర మీద ఆల్బమ్ అట్ట బొమ్మ ఒక్కటే కదలకుండా ఉంటుంది. ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా. వీళ్లు పెట్టేది ఎక్కువగా డూమ్, స్టోనర్ మెటల్. అంటే బాగా నెమ్మదిగా, బాగా బరువుగా వాయించేది.

డూమ్ మెటల్ మన తెలుగువాళ్లకి ఎక్కదు అంటారు. నేనొప్పుకోను. హరికథలోనో, భజనలోనో తంబురా శ్రుతి విన్నారు కదా? కథ ఎటు పోయినా ఆ ఒక్క స్వరం కింద మోగుతూనే ఉంటుంది. మొదట్లో పట్టించుకోం, పావుగంట అయ్యాక అది లేకపోతే ఉండలేం. డూమ్‌లో గిటార్ చాలాసార్లు చేసే పని అదే. స్లీప్ అని కాలిఫోర్నియా బ్యాండ్ ఉంది, వాళ్ల డోప్‌స్మోకర్ అనే పాట ఒక్కటే గంటకు పైగా ఉంటుంది. మొదటి పది నిమిషాలు ఏమీ జరగట్లేదనిపిస్తుంది. ఆపకండి.

ఆ బరువు ఎక్కడిది అంటే దాని వెనక ఒక కథుంది. బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీ పని చేసేవాడు. అక్కడి ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల చివర్లు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచెయ్యే! వేళ్లకి తొడుగులు తనే తయారుచేసుకున్నాడు. నొక్కడం తేలికవ్వాలని తీగల బిగువు తగ్గించుకున్నాడు. తీగ వదులైతే శ్రుతి దిగుతుంది, ధ్వని బరువెక్కుతుంది. 1971లో వచ్చిన మాస్టర్ ఆఫ్ రియాలిటీలో అది స్పష్టంగా వినబడుతుంది. ఇవాళ్టి డూమ్ బ్యాండ్లన్నీ ఆ వదులు తీగల పిల్లలే.

సరే, ఛానెళ్ల సంగతికొస్తాను. ఒకరోజు నా ప్లేలిస్ట్ తెరిస్తే ముప్పై దాకా వీడియోలు లేవు. "ఈ వీడియో తొలగించబడింది" అని బూడిదరంగు డబ్బాలు. యూట్యూబ్‌లో తొంభై రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. అలా ఏదో ఛానెల్ పోయింది, దాంతోపాటు నా ముప్పై ఆల్బమ్‌లూ పోయాయి. అందులో సగం బ్యాండ్ల పేర్లు కూడా నాకు గుర్తులేవు! అట్ట మీద నీలం కొండ ఉండేది, పోలండో ఫిన్లాండో... ఏమని వెతకను?

అప్పట్నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా. మామూలు రూళ్ల పుస్తకమే. బ్యాండ్ పేరు, ఆల్బమ్, సంవత్సరం, ఊరు. ఊరు తప్పకుండా రాస్తా. ఉలాన్‌బాటర్, టూలూజ్, హోర్లివ్‌కా, గారుత్. గారుత్ అంటే ఇండోనేషియాలో వాయిస్ ఆఫ్ బాసెప్రోట్ అనే ముగ్గురమ్మాయిల బ్యాండ్ ఊరు. పటంలో వెతుక్కుని మరీ రాసేవాణ్ణి.

ఒకసారి ఇలాగే ఎక్కడో యూరప్ నుంచి నడిచే ఛానెల్‌లో డెత్ మెటల్ ఆల్బమ్ వింటున్నా. బ్యాండ్ పేరు గాడ్‌లెస్, ఆల్బమ్ స్టేట్స్ ఆఫ్ కేయాస్, 2021. మహా వేగం, మహా శుభ్రంగా వాయిస్తున్నారు. స్వీడన్ వాళ్లేమో అనుకున్నా. నోట్‌బుక్ తీసి ఊరు కోసం కింద వివరణ చూస్తే, హైదరాబాద్ అని ఉంది. నమ్మండి, సింధ్‌లో హైదరాబాదేమో అనుకున్నా. కాదు, మనదే. నేనప్పుడు మెహదీపట్నంలో ఉంటున్నా. గారుత్ ఎక్కడుందో తెలిసిన నాకు ఇది తెలీదు.

ఇక్కడే ఆ సిగ్గుపడాల్సిన సంగతి. కాలేజీలో నాకో జూనియర్ ఉండేవాడు, బేస్ గిటార్ వాయించేవాడు. సొంత పాటలు కట్టుకునే చిన్న బ్యాండ్. చదువయ్యాక కూడా రెండు మూడేళ్లు ప్రతి షోకీ ఫోన్ చేసి "అన్నా, రా అన్నా" అనేవాడు. ఒక్కసారీ వెళ్లలేదు. మనవాళ్లేం వాయిస్తారులే అని. బయటికి అనలేదు, లోపల అదే. గాడ్‌లెస్ విన్న రాత్రి వాడికి ఫోన్ చేశాను, చాలా ఏళ్ల తర్వాత. హైదరాబాద్‌లో ఇంత బ్యాండ్ ఉందట తెలుసా అని ఉత్సాహంగా చెప్తుంటే, వాడు అంతా విని, "వాళ్లు నాకు ఎప్పట్నుంచో తెలుసన్నా. విదేశాల నుంచి ఎవడో పెడితేగానీ నీకు మేం వినబడలేదు" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. బేస్ ఏదిరా అంటే, అమ్మేశానన్నాడు. జీతం రాని రెండు నెలల్లో, పన్నెండు వేలకి.

ఏం మాట్లాడాలో తోచలేదు.

తర్వాత వాడితోనే కలిసి ఒక షోకి వెళ్లా. నగరంలో ఒక పబ్, నాలుగు బ్యాండ్లు, జనం నలభై మంది. అందులో సగం మంది మిగతా బ్యాండ్ల వాళ్లే! టీషర్ట్ కొందామంటే డ్రమ్మరే బల్ల వెనక కూర్చుని అమ్ముతున్నాడు, చెమట కూడా ఆరలేదు. వీడియోలో డ్రమ్స్ చెవికి వినబడతాయి. అక్కడ డొక్కల్లో తెలుస్తుంది. డప్పు పక్కన నిలబడ్డవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది.

డబ్బు సంగతి కూడా ఒక్క మాట. ఆల్బమ్ మొత్తం ఊరికే విన్నాక, నచ్చితే వివరణలో బ్యాండ్‌క్యాంప్ లింక్ ఉంటుంది, నొక్కండి. డిజిటల్ ఆల్బమ్ కొంటే సైట్ మామూలుగా 15 శాతం తీసుకుంటుంది, కార్డు ఖర్చులు పోగా మిగతాది బ్యాండ్‌కో, వాళ్ల లేబుల్‌కో వెళ్తుంది. నేను నెలకొకటి కొంటా. రెండు సినిమా టికెట్ల డబ్బు.

మా జూనియర్ పోయిన వారం ఒక లింక్ పంపాడు. విజయవాడ కుర్రాళ్లట, గదిలో ఫోన్‌తో తీసిన వీడియో, 212 వ్యూస్. గిటార్ కాస్త శ్రుతి తప్పింది, పాట మాత్రం బాగుంది. బ్యాండ్‌కి పేరింకా పెట్టలేదట. నోట్‌బుక్‌లో ఊరు రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలాను. వచ్చే ఆదివారం ప్రాక్టీస్ చూడ్డానికి రమ్మన్నారు, ఇద్దరం వెళ్తున్నాం. వాడు ఎవరిదో బేస్ అరువు తెచ్చుకుంటున్నాడు, ఎందుకురా అంటే చెప్పట్లేదు.

ఉంటానండీ మరి.